ఆనవాలు

తెల్లవారుజామున మూడూ నలభై.
ఎయిర్‌పోర్టు సవారీ. అయనావరం, మూడో సందు.
తాళం తిప్పితే
సెల్ఫు తిరిగింది, ఇంజను అందుకుంది,
రెండు లెక్కపెట్టేలోపు
మాట మధ్యలో ఫోను పెట్టేసినట్టు
ఆగిపోయింది.

మళ్ళీ తిప్పాను. మళ్ళీ అంతే.
లైట్లు వెలుగుతున్నాయి, బ్యాటరీ కాదు.
హారన్ కొడితే ఎదురింటి కుక్క లేచింది,
కనక అదీ బాగానే ఉంది.
పెట్రోలు నిన్న మధ్యాహ్నమే పోయించాను, ఐదొందలది.
మీటరు పక్కన మాత్రం
ఎర్రగా ఒక చిన్న కారు బొమ్మ,
దాని కడుపులో తాళంచెవి బొమ్మ,
ఆరుతూ వెలుగుతూ.
ఏడేళ్ళలో ఎప్పుడూ
అంతసేపు నా మొహంలోకి చూడని దీపం.

బషీరుకు ఫోన్ చేస్తే నిద్రలోంచే చెప్పాడు:
"డోరు లాక్ చెయ్యి, తియ్యి. బ్యాటరీ తీగ ఊడదీసి తగిలించు.
పది నిమిషాలు ఆగు."
ఆగాను.
ఆ పది నిమిషాల్లో సవారీ క్యాన్సిల్ అయింది.
పాలప్యాకెట్ల కుర్రాళ్ళు ఇద్దరు
సందు చివర కాలవ దాకా తోశారు.
చక్రాలు మాట విన్నాయి.
ఇంజను వినలేదు.

నెలకు పదకొండు వేల మూడొందలు కట్టి,
నిరుడు వానల్లో మోకాటి లోతు నీళ్ళలోంచి
ఈ చేతుల్తోనే లాక్కొచ్చిన బండి
నన్ను దొంగంటోంది.

పేపర్లు చూపించనా?
ఆర్సీ డ్యాష్‌బోర్డులోనే ఉంది, ఇ. మునిరత్నం, నేనే.
సీటు చూడు, నా వీపు చేసిన పల్లం.
స్టీరింగు చూడు, నా బొటనవేలు అరగదీసిన నునుపు.
అదేమీ చూడదు.

తొమ్మిదింటికి యాకోబు వచ్చాడు, పులియంతోపు తాళాల యాకోబు,
ఒక సంచిలో ఆకురాళ్ళు, ఇంకో సంచిలో ల్యాప్‌టాప్.
స్టీరింగు కింద ఏదో తీగ గుచ్చి
తెర వంక చూసి, నా చేతి వంక చూసి
"తాళం కొత్తగా ఉందే" అన్నాడు.

కొత్తదే. పాతదానికి నడుం విరిగితే
రెండేళ్ళు నల్లటేపు చుట్టి తిప్పాను.
ఎక్కినవాళ్ళు దాన్ని చూసే స్టార్లు తగ్గిస్తున్నారని
మా కస్తూరి అనుమానం.
నిన్న సాయంత్రం బండి ఇంటి దగ్గర పెట్టి
దాని స్కూటీ మీద పుదుపేట వెళ్ళి
నూట ఎనభైకి కొత్త తొడుగు వేయించుకొచ్చాను.

యాకోబు తొడుగు విప్పి చూపించాడు:
"నాలుకుంది, మాట లేదు.
చిప్పు మార్చలేదు ఆ షాపువాడు.
బియ్యపు గింజంత ఉంటుందన్నా, నల్లగా.
బండి దగ్గర అదుంటేనే నువ్వు నువ్వు.
పాత తొడుగేదీ?"

మెట్ల కింద
వాషింగ్ మిషను అట్టపెట్టెలో కూర్చునుంది మా రక్షిత.
రాత్రి నేనే ఇచ్చాను, పారెయ్యడమెందుకని.
టేపు చుట్టిన ఆ తొడుగును
అట్టకు పొడిచిన కన్నంలో తిప్పుతోంది.
పెదాలతో ఇంజను, ముక్కుతో హారన్.
ఎగ్మోర్, సెంట్రల్, బీచి, మళ్ళీ ఎగ్మోర్.
లేచింది మొదలు ఒక్కసారీ ఆగలేదట.
వెనక ముగ్గురు సవారీలు,
ఒకరికి చెయ్యి లేదు.

అడిగితే ఇవ్వలేదు.
ముందు వీళ్ళని ఎయిర్‌పోర్టులో దింపాలంది.
మీనంబాకం వచ్చేదాకా
నేనూ యాకోబూ మెట్ల మీద కూర్చున్నాం.

గింజ తీసి కొత్త ఒంట్లో పెట్టాడు.
తిప్పాను.
ఎర్రబొమ్మ ఒక్కసారి చూసి కళ్ళు మూసుకుంది.
ఇంజను ఏమీ జరగనట్టు
తెల్లారగట్ల ఆపిన చోటినించే మాట అందుకుంది.
ఐదొందలడిగి మూడొందలు తీసుకున్నాడు యాకోబు.

పాత తొడుగు తిరిగి రక్షితకిచ్చేశాను.
అదే టేపు, అదే పగులు,
బరువులో కూడా తేడా తెలీదు.
కన్నంలో పెట్టి తిప్పింది.
ఇంకోసారి తిప్పింది.
పెదాలు కదల్లేదు.

"దీన్నేం చేశావు నాన్నా?
నా బండి స్టార్టవట్లేదు."